బ్యాటరీ కేబుల్ ఎందుకు కాలుతుంది?

శ్రోతలకు నమస్కారం.

సెల్ఫ్ కొడితే ఇంజను బరువుగా తిరగడం, బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ కేబుల్ చేయి ఆనించలేనంత వేడిగా ఉండడం కొందరికి అనుభవమే. అప్పుడు ముందుగా నింద పడేది బ్యాటరీ మీద. కానీ బ్యాటరీని మార్చిన తరువాత కూడా కేబుల్ కాలుతూనే ఉంటుంది.

సెల్ఫ్ మోటారు తిరిగే ఆ కొద్ది క్షణాలలో కేబుల్ గుండా 100 నుంచి 200 ఆంపియర్ల కరెంటు, డీజిల్ ఇంజన్లలోనైతే అంతకు మించి, ప్రవహిస్తుంది. కేబుల్‌ను బ్యాటరీకి పట్టి ఉంచే క్లాంపు వదులై అక్కడ ఓములో 200వ వంతు నిరోధం ఏర్పడినా చాలు, 200 ఆంపియర్ల దగ్గర 1 వోల్టు నష్టపోయి, ఆ చిన్న అతుకులోనే 200 వాట్ల వేడి పుడుతుంది.

కాబట్టి వేడి ఎక్కడుందో జాగ్రత్తగా గమనించాలి. ఒక చివర మాత్రమే కాలుతుంటే లోపం ఆ అతుకులోనిది. పొడవునా వేడెక్కితే తీగ సన్నదై ఉండాలి, లేదా సెల్ఫ్ మోటారు పట్టేసి అధికంగా కరెంటు లాగుతూ ఉండాలి.

చాలామంది మల్టీమీటరును ఓముల మీద పెట్టి, సున్నా చూపిందని తృప్తిపడతారు. లోపల చిలుము పట్టి కొద్ది పోగులే మిగిలినా అది దాదాపు సున్నాయే చూపుతుంది. అందుచేత మీటరును 20 వోల్టుల డి.సి. మీద ఉంచి, ఒక మొనను క్లాంపు మీద కాక నేరుగా అది పట్టుకునే కడ్డీ, అంటే బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద, రెండవదాన్ని ఆ కేబుల్ బిగించిన సెల్ఫ్ మోటారు బోల్టు మీద ఆనించి, గేరు న్యూట్రల్‌లో ఉండగా మరొకరిచేత సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో లోపం ఉన్నట్లే. నెగెటివ్ పోస్టుకూ ఇంజను బ్లాకుకూ మధ్య కూడా ఇలాగే కొలవాలి; నా ఉద్దేశంలో అందరూ మరచిపోయేది ఈ ఎర్త్ వైపునే.

విప్పేటప్పుడు ముందు నెగెటివ్ క్లాంపు తీయాలి, లేకపోతే స్పానరు బాడీకి తగిలి షార్ట్ కావచ్చు. అతుకు మీద పేరుకున్న తెల్లని పొడిని వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరిన తరువాత పోస్టునూ క్లాంపునూ మెరిసేదాకా రుద్ది, పాజిటివ్‌ను ముందుగా బిగించాలి. తొడుగు కింద రాగి నల్లబడి ఉంటే మాత్రం ఈ శ్రమ వృథా, కేబుల్ మార్చవలసిందే.

అతుకులు బాగుండి, తగినంత మందమున్న తీగ కూడా పొడవునా కాలుతూ ఉంటే, ఇక విప్పి చూడవలసింది సెల్ఫ్ మోటారునే.