పై రిషభం ఒక్కటి కలిస్తే

శ్రోతలకు నమస్కారం. ముందుగా ఇది వినండి.

(గిటార్: సి మేజర్)

ఇప్పుడు ఇది.

(గిటార్: సి యాడ్ నైన్)

రెండూ కార్డులే, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు. మొదటిది సి మేజర్, రెండోది సి యాడ్ నైన్. మారింది దాదాపు ఏమీ లేదు. సి, ఇ, జి... సి మన షడ్జం అనుకుంటే స, అంతర గాంధారం, పంచమం. వాటి మీద పై స్థాయి చతుశ్రుతి రిషభం, అంటే డి, వచ్చి వాలింది. షడ్జం నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ పోతే అది తొమ్మిదో స్వరం. అందుకే నైన్.

మరి 'యాడ్' ఎందుకు? నిషాదం లేదు గనక. కైశికి నిషాదం, అంటే బి ఫ్లాట్, కూడా చేరితే అది సి నైన్, కాకలి నిషాదం, అంటే బి, చేరితే సి మేజర్ నైన్. సి నైన్ ఎఫ్ కార్డు వైపు లాగుతుంది. యాడ్ నైన్‌కి ఆ తొందర లేదు, ఉన్నచోటే హాయిగా కూర్చుంటుంది. నాకైతే దాని అందమంతా ఆ తీరికలోనే ఉందనిపిస్తుంది.

ఇక గిటార్ తీసుకోండి. ముందు జి కార్డు. మధ్యవేలు ఆరో తీగ, అంటే అన్నిటికన్నా లావు తీగ, మూడో ఫ్రెట్ (మెట్టు) మీద, చూపుడు వేలు ఐదో తీగ రెండో ఫ్రెట్ మీద. ఉంగరం వేలు, చిటికెన వేలు రెండో తీగ, ఒకటో తీగల మూడో ఫ్రెట్ మీద. ఈ రెండు వేళ్లనీ కదపకండి. మధ్యవేలు ఐదో తీగకి, చూపుడు వేలు నాలుగో తీగకి దించండి. ఫ్రెట్లు అవే. ఆరో తీగ మోగకుండా మధ్యవేలి కొసతో తాకించండి. సి యాడ్ నైన్ వచ్చేసింది.

(గిటార్: జి, సి యాడ్ నైన్, జి, సి యాడ్ నైన్)

చిక్కు ఎక్కడంటే గాంధారం దగ్గర. మామూలు సి కార్డులో గాంధారం రెండుచోట్ల ఉంటుంది, నాలుగో తీగలోనూ, ఒకటో తీగలోనూ. ఒకటి పలక్కపోయినా రెండోది ఆదుకుంటుంది. ఇక్కడ ఒకటో తీగ పంచమానికి పోయింది. గాంధారం ఉన్నది నాలుగో తీగ ఒక్కదానిలోనే. చూపుడు వేలు కాస్త వదులైందా, గాంధారం పోయి స, రి, ప మిగులుతాయి. అది సస్ టూ, వేరే కార్డు.

(గిటార్: సి సస్ టూ)

బోలుగా లేదూ? అందుకని ఐదో తీగ నుంచి కిందికి ఒక్కొక్కటే మీటి చూడండి. నాలుగోది టక్‌మంటే వేలిని రెండో ఫ్రెట్ కడ్డీకి దగ్గరగా జరపండి. మూడోది మూగబోతే అదే వేలు దాని మీదికి ఒరిగిందన్నమాట, కణుపు వంచి వేలు నిలబెట్టండి. మళ్లీ మీటండి.

(గిటార్: ఐదు తీగలు ఒక్కొక్కటిగా, తర్వాత అన్నీ కలిపి)