వలలో పడిన పెద్ద సొర: మనం దేన్ని చూసి మురిసిపోతున్నాం?

[తెర మీద: తీరంలో ఇసుకపై పెద్ద సొరచేప. చుట్టూ జనం, చేతుల్లో ఫోన్లు.]

నమస్కారం.

"మత్స్యకారుల వలకు చిక్కిన భారీ సొర." తీరప్రాంతం నుంచి ఇలాంటి వార్త అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. చేప బరువెంత, పొడవెంత, వేలంలో ఎంత పలికింది, అన్నీ రాస్తారు. పక్కనే ఫోటో, ఫోటో కింద మెచ్చుకోళ్లు. అది ఏ జాతి సొర, ఆడదా మగదా, కడుపుతో ఉందా, దాన్ని పట్టడానికి చట్టం ఒప్పుకుంటుందా అన్నవి మాత్రం ఎవరూ రాయరు. నేను మాట్లాడదలచుకున్నది ఆ రాయని సంగతుల గురించే.

తిరుపతిలో కూర్చుని సముద్రం కబుర్లెందుకు అని కొందరికి అనిపించవచ్చు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు పాత నెల్లూరు జిల్లా తీరంలో కొంత భాగం ఇందులో కలిసింది. వాకాడు మండలంలో తూపిలిపాళెం, దుగరాజపట్నం, సూళ్లూరుపేట వైపు శ్రీహరికోట, పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం ఇప్పుడు మన జిల్లావే. శేషాచలం కొండల పాదాల దగ్గర మొదలైన జిల్లా బంగాళాఖాతం అలల దాకా సాగింది. ఆ నీళ్లలో ఏం జరుగుతున్నదో పట్టించుకోవలసిన పని మనకూ ఉంది.

[తెర మీద: కడాయిలో ఉల్లిపాయలు, వెల్లుల్లి, కరివేపాకు వేగుతుంటాయి.]

సొర మన వంటింటికి కొత్త కాదు. తమిళనాడు సరిహద్దున ఉన్నవాళ్లం, సొర పుట్టు రుచి తెలిసినవాళ్లం. ముక్కల్ని పసుపు వేసి ఉడికిస్తారు. చల్లారాక గరుకుగా ఉండే తోలు ఒలిచేస్తారు. మాంసాన్ని చేత్తో పొడిపొడిగా చిదిమి, నీరంతా పిండేస్తారు. ఆ తర్వాత బోలెడంత వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లిపాయలతో పొడిగా వేయిస్తారు. బాలింతకు పాలు పడతాయని ప్రత్యేకంగా వండి పెట్టే ఇళ్లున్నాయి. ఆ నమ్మకం వెనక ఉన్నది ప్రేమే. దాన్ని నేను చిన్నబుచ్చను.

కానీ ఒక్క విషయం ఇక్కడే చెప్పాలి. సొర ఇతర చేపల్ని తిని బతుకుతుంది. ఆ చేపల ఒంట్లో ఉన్న పాదరసం కొంచెం కొంచెంగా దాని మాంసంలో పేరుకుంటుంది. చేప ఎంత పెద్దదైతే, ఎంత ముసలిదైతే అంత ఎక్కువ. అందుకే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పసిపిల్లలు తినకూడని చేపల జాబితాలో సొరను చేర్చింది. వండితే పాదరసం పోదు. బాలింత కోసం పెద్ద సొర ముక్క ఏరికోరి కొనేవాళ్లు దయచేసి ఈ సంగతి గుర్తుంచుకోండి. కవళ్ల లాంటి చిన్న చేపలతో ఈ భయం చాలా తక్కువ.

ఇక అసలు సంగతికి వస్తాను.

[తెర మీద: నీటి అడుగున ఈదుతున్న పులి సొర. ఒంటి మీద చారలు.]

కవళ్లు వేల గుడ్లు పెడతాయి. ఈ ఏడాది వలలు ఊడ్చేసినా, వర్షాలూ నీళ్లూ అనుకూలిస్తే కొన్నేళ్లలో మళ్లీ తేరుకుంటాయి. పెద్ద సొరలు అలా కాదు. పులి సొరనే తీసుకోండి. పుట్టాక పిల్లల్ని కనే ఈడు రావడానికి దానికి సుమారు పదేళ్లు పడుతుంది. ఏడాదికి పైగా, పదమూడు నుంచి పదహారు నెలలు, పిల్లల్ని కడుపులో మోస్తుంది. ఒక్కసారి కన్నాక మళ్లీ కనడానికి రెండు మూడేళ్లు పట్టవచ్చు. అంటే మనం ఫోటో తీసి మురిసిపోయే ఆ భారీ చేప ఎన్నో ఏళ్లు ప్రమాదాల్ని తప్పించుకుని, ఇప్పుడిప్పుడే సముద్రానికి సంతతిని ఇస్తున్న తల్లి అయి ఉండవచ్చు. పులి సొరల్లో ఆడవే మగవాటికన్నా పెద్దగా ఎదుగుతాయి. పెద్దదాన్ని పట్టడమంటే వచ్చే ఏటికి దాచుకున్న విత్తనపు వడ్లను వండుకు తినడమే.

ఇంకో సంగతి చెప్పడానికి మనసు రావడం లేదు గానీ, చెప్పకుండా దాటలేను. కడుపుతో ఉన్న సొర వలలోనో గాలానికో చిక్కి పెనుగులాడేటప్పుడు, ఆ ఒత్తిడికి నెలలు నిండని పిల్లల్ని ఈనేయవచ్చు. పడవలోకి లాగాక పిల్లలు బయటపడటం మత్స్యకారులు ఎరిగినదే. పైగా పెద్ద సొరల్లో చాలా జాతులు ఈదుతూ ఉంటేనే మొప్పల గుండా నీరు పారి ఊపిరి ఆడుతుంది. వల బిగిసి కదలిక ఆగితే నీళ్లలోనే ఊపిరాడక చనిపోతాయి. ఒడ్డుకు లాగితే మరో ప్రమాదం. సొరకు ఎముకలు లేవు, ఉన్నదంతా మృదులాస్థి. లోపలి అవయవాల్ని కాపాడే పక్కటెముకల గూడు లేదు. నీటి ఆసరా పోగానే దాని బరువే దాని గుండెనూ కాలేయాన్నీ నొక్కేస్తుంది. సుత్తి తల సొర అన్నిటికన్నా సుకుమారమైనది. గాలం నుంచి విడిపించి వదిలినా తర్వాత చనిపోయేవి అందులో చాలా ఉంటాయి.

[తెర మీద: మన తీరంలో ఫైబర్ పడవలు. వలలు సర్దుకుంటున్న మత్స్యకారులు.]

ఇంత విన్నాక వేలు మత్స్యకారుడి వైపు చూపించడం తేలిక. నేను ఆ పని చెయ్యను. 2001లో ఏం జరిగిందో చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

ఆ ఏడాది మే నెలలో కేంద్ర ప్రభుత్వం తిమింగలమంత ఉండే వేల్ షార్క్‌ను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికీ ఏనుగుకీ ఉన్నంత రక్షణ అది. అక్కడితో ఆగకుండా జులైలో సొరలు, వాటికి చుట్టాలైన బల్లపరుపు టేకు చేపలు మొత్తంగా ఆ జాబితాలోకి తెచ్చింది. దేశంలోని తీరమంతా ఒక్కసారిగా గగ్గోలు పెట్టింది. పెట్టదా మరి? వల వేసేవాడు ఏ చేప పడాలో ఎంచుకోలేడు. అర మీటరు పాల సొర పడినా నేరస్తుడే అయిపోతాడు. విదేశీ ఓడల మీద జరిగినట్టు రెక్కలు కోసుకుని బతికున్న చేపను నీళ్లలో పడేసే అలవాటు మనవాళ్లది కాదు. తెచ్చిన చేపను తెచ్చినట్టే ఒడ్డుకు చేర్చి, మాంసం అమ్ముకుని, మిగిలింది ఉప్పు చేపగా ఎండబెట్టుకుంటారు. ఆ ఆందోళనల ఫలితంగా డిసెంబరులో ప్రభుత్వం జాబితాను పది జాతులకు కుదించింది. వేల్ షార్క్, గంగా సొర, పాండిచ్చేరి సొర, రంపం లాంటి ముక్కు ఉండే రంపపు చేపలు అందులో నిలిచాయి.

నా అభిప్రాయంలో ఆ కుదింపు న్యాయమే. తప్పు వేరే చోట జరిగింది. ఆ పది జాతులేమిటో, వాటిని ఎలా గుర్తించాలో, వలలో పడితే ఏం చెయ్యాలో పడవ మీద ఉన్న మనిషికి చెప్పే పని నిదానంగా, అరకొరగా సాగింది. ఆ తర్వాత 2013లో రెక్కలు ఒంటికి ఉండగానే సొరను ఒడ్డుకు తేవాలన్న నిబంధన వచ్చింది. 2015 ఫిబ్రవరిలో సొర రెక్కల ఎగుమతిని నిషేధించారు. అయినా 2018లో ముంబయి, గుజరాత్‌లలో ఒక్క దాడిలోనే ఎనిమిది వేల కిలోల రెక్కలు పట్టుబడ్డాయి. అంత సరుకు పోగుచేసి దేశం దాటించాలని చూసింది చిన్న పడవ మీద వేటకు వెళ్లే మనిషి కాదు. 2022లో చట్టాన్ని సవరించి రక్షిత జాతుల జాబితా పెంచారు. మొదటి షెడ్యూలు జీవిని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. ఇంత బరువైన చట్టం ఉన్నప్పుడు దాని గురించి ముందుగా తెలియవలసింది ఎవరికి?

[తెర మీద: గుజరాత్ తీరం పటం. సౌరాష్ట్ర వైపు మెల్లగా దగ్గరకు.]

చట్టం చెయ్యలేని పనిని మాట చేసిన చోటు ఒకటుంది. గుజరాత్‌లోని సౌరాష్ట్ర తీరంలో ఒకప్పుడు వేల్ షార్క్‌లను వందల్లో వేటాడేవారు. కాలేయం నుంచి తీసే నూనె కోసం. చెక్క పడవలకు నీరు చొరకుండా పూయడానికి ఆ నూనె వాడేవారు. నిషేధం వచ్చినా వేట ఆగిపోతుందన్న నమ్మకం లేదు. అప్పుడు 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీ శాఖ, టాటా కెమికల్స్ కలిసి ప్రచారం మొదలుపెట్టాయి. రామకథలు చెప్పే మొరారి బాపు తీరానికి వచ్చి, ఈ చేప పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ లాంటిదని చెప్పారు. పుట్టింటికి వచ్చిన కూతుర్ని ఎవరైనా చంపుకుంటారా? ఆ మాట సూటిగా తగిలింది. దానికి తోడు, వల కోసి చేపను వదిలేసిన మత్స్యకారుడికి అటవీ శాఖ వల నష్టపరిహారం ఇచ్చింది. గరిష్ఠంగా 25,000 రూపాయలు. ఫలితం, నూనె కోసం వేటాడిన చేతులే ఇప్పటికి వందల వేల్ షార్క్‌లను సముద్రంలోకి వదిలాయి.

మన రాష్ట్రంలోనూ ఒక మంచి ఉదాహరణ ఉంది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో భారీ వేల్ షార్క్ ఒకటి వలలో చిక్కి ఒడ్డు దాకా వచ్చింది. అటవీ శాఖ సిబ్బంది, స్థానిక మత్స్యకారులు, నీటిలో ఈదే నిపుణులు కలిసి దాన్ని ప్రాణాలతో లోతు నీళ్లలోకి పంపారు. ఆ రోజు ఫోటోలు చూడండి. నడుము లోతు నీళ్లలో అంత పెద్ద చేపను నెడుతున్న మనుషులున్నారు. మురిసిపోవలసిన ఫోటో అంటే నాకు అది.

[తెర మీద: తీరంలో ఎగురుతున్న ఎర్ర జెండా. స్నానాల రద్దీ.]

"సొర మనుషుల్ని తింటుంది కదా, చంపితే తప్పేమిటి?" ఈ మాట కూడా వింటూ ఉంటాం. ప్రపంచమంతటా కలిపి సొర కాటుతో చనిపోయేవాళ్లు సగటున ఏడాదికి పదిమంది లోపే. మనుషుల చేతిలో చనిపోయే సొరలు ఏటా కోట్లలో. 1970 నుంచి చూస్తే నడి సముద్రపు సొరలు, టేకు చేపలు 71 శాతం తగ్గిపోయాయని 2021లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

భయంతో చంపినవాళ్లకు ఏం దక్కిందో కూడా చరిత్రలో ఉంది. హవాయి దీవుల్లో 1959 నుంచి 1976 వరకు ప్రభుత్వమే పూనుకుని 4,668 సొరలను చంపించింది. దాడులు తగ్గినట్టు ఎక్కడా కనిపించలేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2014లో కొన్ని బీచ్‌ల దగ్గర ఎర వేసిన గాలాలు కట్టారు. 172 సొరలు చిక్కాయి. వాళ్లు భయపడిన తెల్ల సొర వాటిలో ఒక్కటీ లేదు. వేలమంది జనం బీచ్‌లో నిలబడి వద్దన్నారు. అదే ఏడాది అక్కడి పర్యావరణ సంస్థ ఆ పద్ధతిని కొనసాగించవద్దని సిఫారసు చేసింది.

సరదాకి పట్టేవాళ్ల సంగతి వేరు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒడ్డు నుంచే గాలం వేసి పెద్ద సొరను ఇసుక మీదికి లాగి, దాని మీద కూర్చుని ఫోటో దిగడం ఒక మోజుగా మారింది. 2019 జులై నుంచి అక్కడ నిబంధనలు బిగించారు. అనుమతి తీసుకోవాలి, ఒడ్డు నుంచి ఎర చల్లకూడదు, రక్షిత జాతి చిక్కితే నీటిలో ఉంచే విడిపించాలి. మన దగ్గర ఆ వినోదం లేదు. కానీ ఆ ఫోటోల మోజు ఫోన్ల గుండా మన దాకా వచ్చేసింది. ఒడ్డున ప్రాణం పోతున్న చేప నోరు చీల్చి పట్టుకుని వీడియో తీసే కుర్రాళ్లను చూస్తే నాకు కోపం కన్నా దిగులు ఎక్కువగా వస్తుంది.

[తెర మీద: నాగలాపురం వేదనారాయణస్వామి ఆలయ గోపురం.]

మన జిల్లాలోనే నాగలాపురం ఉంది. శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరు మీదుగా వెలసిన ఊరు. అక్కడ వేదనారాయణస్వామి మత్స్యావతారంలో ఉంటాడు. నడుము దాకా విష్ణువు, నడుము కింద చేప. ఏటా సూర్యకిరణాలు స్వామి మీద పడే రోజుల్లో జనం బారులు తీరతారు. సొరను దేవుణ్ణి చెయ్యమని నేను అనను. సౌరాష్ట్రలో ఒక కథకుడు చేసిన పనిని ఇక్కడ చెయ్యగల పౌరాణికులూ హరికథకులూ మనకు ఉన్నారు, చెప్పడానికి ఇంతటి క్షేత్రమూ ఉంది అంటున్నాను. తీరంలోని పాళేల్లో ఊరి పెద్దలైన కాపులు కూర్చుని దురాయి, అంటే ఊరి కట్టుబాటు, వేస్తే ఆ మాట దాటి పడవ కదలదు. వాళ్ల ఒప్పుదల లేకుండా ఏ జీవో తెచ్చినా కాగితమే.

కాబట్టి చూస్తున్నవారికి నా విన్నపాలు చిన్నవి. తీరంలో పెద్ద సొర బతికి కనిపిస్తే తోక పట్టి లాగనివ్వకండి, ఫోటోల కోసం నీళ్లలోంచి పైకి తియ్యనివ్వకండి, వెంటనే అటవీ శాఖకు గానీ మత్స్య శాఖకు గానీ చెప్పండి. గాలం గొంతులోకి దిగి ఉంటే పీకకుండా తాడును గాలానికి వీలైనంత దగ్గరగా కోసి వదలడం మేలు. భారీ చేప ఫోటో మీ ఫోనుకు వస్తే అందరికీ పంపే ముందు అది ఏ జాతో అడగండి.

ప్రభుత్వాన్ని అడగవలసింది ఒకటుంది. వల కోస్తే నష్టం వేలల్లో ఉంటుంది. ఆ నష్టాన్ని మత్స్యకారుడి ఒక్కడి నెత్తిన పెట్టి జాతిని కాపాడమనడం న్యాయం కాదు. గుజరాత్ మాదిరిగా వల పరిహారం మన తీరంలోని ప్రతి పాళేనికీ అందాలి, అదీ నెలల తరబడి తిప్పించుకోకుండా అందాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. అప్పుడు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మత్స్యకారులూ ఊళ్లోనే ఉంటారు. అధికారులు రక్షిత జాతుల బొమ్మలు పట్టుకుని తూపిలిపాళెం వెళ్లి, కాపులతో కూర్చుని ఈ పరిహారం లెక్క తేల్చుకోవడానికి అంతకన్నా అనువైన రోజులు ఉండవు.