తాడుకు వేలాడే చేప

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట మీకు ఒక బొమ్మ చూపించాలని ఉంది. రేడియోలో బొమ్మేమిటి అనుకోకుండా ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి. నాలుగున్నర అడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు ఉన్న నిలువు పటం. అందులో తాడుకు వేలాడుతూ ఒక సాల్మన్ చేప. ఉప్పు పట్టించి ఆరబెట్టిన చేప. కూరకని ఎవరో ఒక పక్క కండ కోసుకుపోయారు. అక్కడ ఎర్రటి మాంసం బయటపడింది. చర్మం ఎండి, బిగుసుకుపోయి ఉంది. చుట్టూ ఇంకేమీ లేదు.

దీన్ని 1877 ప్రాంతంలో కాగితం మీద నూనె రంగులతో వేసినవారు జపాన్ చిత్రకారుడు తకహాషి యుయిచి. 1828లో సమురాయ్ ఇంట పుట్టారు. పాశ్చాత్యుల అచ్చుబొమ్మలు చూసి, వస్తువు ఉన్నది ఉన్నట్టు కనబడటం ఆయనను కదిలించింది. 1866లో యొకొహామాలో చార్లెస్ వర్గ్‌మన్ అనే ఇంగ్లీషు చిత్రకారుడి దగ్గర శిష్యరికానికి చేరారు. అప్పటికి యుయిచికి ముప్పై ఎనిమిదేళ్ళు. గురువు ఆయనకంటే నాలుగేళ్ళు చిన్న! నేర్చుకోవాలన్న ఆ ఆకలికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

జపాన్ సంప్రదాయంలో రంగురాళ్ళ పొడిని జిగురులో కలిపి పట్టు మీదో కాగితం మీదో వేస్తారు. అక్కడ గీతే ప్రాణం, నీడకు పెద్దగా చోటు లేదు. నూనె రంగు తొందరగా ఆరదు. ఒక రంగును పక్క రంగులోకి మెల్లగా కలుపుకుంటూ పోవచ్చు. అలా నీడ వస్తుంది, నీడతో బరువు వస్తుంది.

ఉన్నది ఉన్నట్టు చూపే ఆ నిజం అందరికీ రుచించలేదు. 1872లో యుయిచి ఒక పేరుపొందిన వేశ్య బొమ్మ వేశారు. జపాన్ అచ్చుబొమ్మల్లో అలాంటివారి ముఖాలు నున్నగా, చంద్రబింబాల్లా ఉండేవి. ఈ పటంలో అలసిన మనిషి కనబడింది. "నా ముఖం ఇలా ఉండదు" అని ఆమె ఏడ్చిందని చెబుతారు.

ప్రభుత్వం 1876లో పాశ్చాత్య కళ నేర్పే కళాశాల పెట్టి, ఇటలీ నుంచి ఫొంటనేసి అనే చిత్రకారుణ్ణి గురువుగా రప్పించింది. 1883కల్లా అది మూతపడింది. గాలి మళ్ళీ స్వదేశీ కళవైపు తిరిగింది. 1889లో మొదలైన టోక్యో లలితకళల కళాశాలలో నూనె రంగులకు స్థానమే ఇవ్వలేదు. 1896లో ఆ విభాగం తెరిచేనాటికి యుయిచి లేరు, రెండేళ్ళ ముందే కన్నుమూశారు. బోధించడానికి పారిస్‌లో చదివొచ్చిన కురోద సెయికి వచ్చారు. ఆయన పటాల్లో వెలుతురు హాయిగా ఉంటుంది. నా మనసు మాత్రం యుయిచి వంటింటి దగ్గరే ఆగిపోతుంది.

ఆయనదే ఇంకో పటం కొతోహిర మందిరంలో ఉంది. కూరలు తరిగే చెక్క మీద టోఫు ముక్కలు, అంటే సోయా పాలు విరిచి చేసే పనీర్ లాంటివి. ఒకటి తెల్లగా, తడిగా. ఒకటి కాల్చింది, పైన మాడిన మచ్చలతో. మరొకటి నూనెలో వేయించింది. వాటి కింద చెక్క చెమ్మగిల్లి ఉంటుంది.