తూమకుంట అవతల డీజిల్

(హిందూపురంలోని ఒక డిగ్రీ కాలేజీలో, ఎకనామిక్స్ విద్యార్థుల సదస్సులో 2025లో ఒక లారీ యజమాని చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు మేడమ్ గారు ఒకసారి, ప్రిన్సిపాల్ గారు ఒకసారి చదివారు, మళ్లీ నేను కూడా చదివితే మీలో పల్లెలకు పోవాల్సినవాళ్లకు బస్సు దొరకదు. శాలువా కప్పారు, సంతోషం. కరపత్రంలో నా పేరు కింద ‘రాష్ట్ర పన్నులు, ప్రభుత్వ వ్యయం, ఆర్థిక పోటీతత్వం’ అని వేశారు. నేను లారీలు తిప్పుకునేవాణ్ణి, జీడీపీలో ఎంత శాతం అనేది మీ సార్లు చెబుతారు, నేను డీజిల్ గురించే మాట్లాడతాను, ఈ మూడూ అందులోనే ఉన్నాయి.

ముందు ఒక మాట అడుగుతా. మీలో ఎంతమంది బండికి పెట్రోలు తూమకుంట దాటి కర్ణాటక బంకులో పోయించుకుంటారు? సిగ్గుపడకుండా చేతులెత్తండి. చూడండి సార్, వెనక లెక్చరర్లు కూడా ఎత్తారు! తప్పేం లేదు. మన ఊరికి మూడు వైపులా కర్ణాటకే, ఎక్కడ తక్కువుంటే అక్కడ పోయించుకుంటాం.

ఇప్పుడు లెక్క. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రం సొంతంగా రేటు పెంచుకోగలిగినవి పెద్దగా మిగల్లేదు. పెట్రోలు, డీజిల్, మద్యం, రిజిస్ట్రేషన్లు, బండ్ల మీద టాక్సు, ముఖ్యంగా ఇవే. ఖజానాలో డబ్బు తక్కువైనప్పుడల్లా చెయ్యి వీటి మీదికే పోతుంది. మన దగ్గర డీజిల్‌పై వ్యాట్, అంటే రాష్ట్రం వేసే అమ్మకం పన్ను, 22.25 శాతం, దానిమీద లీటరుకు 4 రూపాయలు, దానిమీద రోడ్ల కోసమని ఇంకో రూపాయి. మొత్తం కలిపితే లీటరులో 20 రూపాయల పైమాటే రాష్ట్రానికి పోతుంది. కర్ణాటకలో 2025 ఏప్రిల్ నుంచి 21.17 శాతం. శాతాలు చూస్తే రెండూ అటూఇటుగా ఒకటే కదా? తేడా అంతా ఆ నాలుగు, ఆ ఒకటి దగ్గరే. లీటరుకు ఆరేడు రూపాయలు వాళ్ల దగ్గర తక్కువ. 2024 జూన్ దాకా వాళ్ల వ్యాట్ 14.34 శాతమే, అప్పుడైతే తేడా పది రూపాయలు దాటేది.

వాళ్లు ఎందుకు పెంచారో మీకు తెలుసు, 2023లో ఐదు గ్యారంటీలు ఇచ్చారు, డబ్బు కావాలి. అయితే పెంచినప్పుడు ముఖ్యమంత్రిగా సిద్ధరామయ్య గారు ఏమన్నారు? పెంచినా పక్క రాష్ట్రాల కంటే మా దగ్గర ఇంకా తక్కువే అన్నారు. అదయ్యా విషయం! ఖర్చు వాళ్లకూ ఉంది, కానీ చెయ్యి పెట్టేముందు సరిహద్దు అవతల రేటెంతో చూసుకున్నారు. మనవాళ్లు చూడరు. 2021 నవంబరులో కేంద్రం డీజిల్ మీద 10 రూపాయలు తగ్గిస్తే కర్ణాటక దానికి తోడు 7 రూపాయలు తగ్గించింది. ఆంధ్ర తగ్గించలేదు, తెలంగాణా తగ్గించలేదు.

కేంద్రం తప్పు లేదా అంటే ఎందుకు లేదు, ఉంది. 2020 మేలో లీటరు డీజిల్‌పై సుంకం 31 రూపాయల 83 పైసలకు తీసుకుపోయారు, అందులో రాష్ట్రాలతో పంచుకునే వాటా 5 రూపాయల లోపే, మిగిలినదంతా సెస్సు, అదనపు సుంకం అని పేర్లు పెట్టి వాళ్లే ఉంచుకున్నారు. రాష్ట్రాలు ఏడవడంలో న్యాయం ఉంది. కానీ ఆ ఏడుపు నా ట్యాంకులోకి ఎందుకు పోస్తారు?

కోయంబత్తూరు నుంచి నాగపూర్ పోయే లారీని తీసుకోండి. డ్రైవర్ కర్ణాటకలోని బాగేపల్లిలో ట్యాంకు నింపుతాడు, 300 లీటర్ల పైన పడుతుంది. కొడికొండ చెక్‌పోస్టు దాటి అనంతపురం, గుత్తి, కర్నూలు మీదుగా పోతాడు. మన రాష్ట్రంలో ఆ రోడ్డు 250 కిలోమీటర్ల పైచిలుకు. లోడుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లు వచ్చినా ట్యాంకులో పావు వంతు కూడా కాలదు. మన రోడ్డు మీద తిరిగి, మన రాష్ట్రానికి ఒక్క పైసా డీజిల్ పన్ను కట్టకుండా పోతాడు. మరి కట్టేది ఎవరు? మదనపల్లె నుంచి టమోటాలు, ఇక్కడి నుంచి చింతపండు, తాడిపత్రి నుంచి బండలు తోలే మనవాడు. కోలారు మార్కెట్లో టమోటా ఎత్తే లారీకి డీజిల్ ఒక రేటు, మదనపల్లెలో ఎత్తే లారీకి ఒక రేటు. సరుకు ఒకటే, పోయేది అదే ఢిల్లీ. బాడుగలో ఆ తేడా ఎవరి నెత్తిన పడుతుందో మీ అయ్యనడగండి, రైతే కదా.

ఇంకో సంగతి, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. రాష్ట్రం విడిపోయిన కొత్తలో విమానాల్లో పోసే ఇంధనంపై వ్యాట్‌ను 16 శాతం నుంచి 1 శాతానికి తగ్గించారు, మనవాళ్లూ తగ్గించారు, తెలంగాణా వాళ్లూ తగ్గించారు. పన్ను తగ్గిస్తే విమానాలు ఇక్కడ దిగుతాయి, ఇక్కడే ఇంధనం పోయించుకుంటాయి అని. నిజమే, కరెక్టే! ఆ తెలివి లారీ దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోయింది?

ఇక ఖర్చు. నేను కొన్నేళ్ల కింద ఒక కాంట్రాక్టరుకు కంకర తోలాను. సర్కారు రోడ్డు పనే. ఏ ప్రభుత్వం అని అడగొద్దు, అన్ని ప్రభుత్వాల్లోనూ ఇదే కథ. డీజిల్ పోయించిన ప్రతిసారీ పన్ను అక్కడికక్కడే కట్టాను, బంకులో అప్పు చెప్తే పోయరు. డ్రైవర్ బత్తా, టైర్లు, ఫైనాన్స్ కంతు, అన్నీ చేతి నుంచే. పని అయిపోయింది. బాడుగ అడిగితే ‘బిల్లు పైన ఉంది అన్నా’ అన్నాడు. వాళ్లింటికి పోతే ఆయమ్మ మజ్జిగ ఇచ్చేది, ఆయన ఫోను తీసి బిల్లు స్టేటస్ చూపించేవాడు. ఆ తెరమీద ఒకటే మాట, పెండింగ్. పోగా పోగా మజ్జిగ ఇచ్చేటప్పుడు ఆయమ్మ మొహంలో కూడా విసుగు కనిపించేది. ఆయన మీద కోప్పడి ఏం చేస్తాను, ఆయనే పొలం పత్రాలు పెట్టి వడ్డీకి తెచ్చాడు. చివరికి నేను ఒక బండి అమ్ముకున్నాను, ఫైనాన్స్ వాళ్లు ఇంటి ముందుకు రాకముందే. ఆ తర్వాత బిల్లొచ్చింది, వడ్డీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

నేను ప్రభుత్వానికి కట్టేది లీటరు లీటరుకు, అది నాకు ఇచ్చేది మాత్రం ఏళ్ల తరబడి ఆగి. దీనివల్ల ఏమవుతుందో ఎకనామిక్స్ పిల్లలు మీరు రాసుకోండి. మరుసటి టెండరులో ఆ కాంట్రాక్టరు రేటు పెంచి వేస్తాడు, బిల్లు ఆలస్యమవుతుందని తెలుసు కాబట్టి. చిన్నవాడు టెండరే వెయ్యడు. రోడ్డు ఖరీదు పెరుగుతుంది, ఆ ఖరీదు కోసం మళ్లీ డీజిల్ మీద రూపాయి.

పెద్ద ఫ్యాక్టరీలకు రాయితీలు ఇవ్వొద్దని నేను అనను. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా వచ్చింది, 2017లో ఒప్పందం, 2019లో కార్లు బయటికొచ్చాయి, ఈ ప్రాంతంలో బండ్లకు లోడ్లు పెరిగాయి. భూమి ఇచ్చారు, పన్నులో వెనక్కిచ్చే ఏర్పాటు చేశారు. ఎందుకంటే వాళ్లు వేరే రాష్ట్రానికి పోగలరు. పోలేనివాళ్ల సంగతే నేను అడుగుతున్నది.

ఇందాక స్టేజీ ఎక్కేముందు ఒక సార్ అడిగారు, పన్ను తగ్గిస్తే పెన్షన్లు ఆపాల్సి వస్తుందేమో అని. మా అమ్మకు నెలకు 4,000 వస్తుంది, ఒకటో తేదీన ఇంటికే వచ్చి ఇస్తారు, ఆపమని నేనెందుకంటాను? 60 లక్షల మందికి పైగా ఠంచనుగా ఇవ్వగలిగిన ప్రభుత్వం కంకర బిల్లు ఎందుకు ఇవ్వలేదు అంటున్నాను. లీటరుకు ఐదు రూపాయలు తగ్గిస్తే సరిహద్దు బంకుల్లో అమ్మకం ఎంత పెరుగుతుందో, పోయిన పన్నులో ఎంత తిరిగి వస్తుందో లెక్క తియ్యమంటున్నాను. మొత్తం తిరిగి వస్తుందని నేను చెప్పను. విశాఖపట్నంలో డీజిల్ పోయించుకునేవాడు రేటు ఎంతైనా అక్కడే పోయించుకుంటాడు. కానీ హిందూపురం, చిలమత్తూరు, ఆదోని, పలమనేరు లాంటి చోట్ల లెక్క వేరు.

ప్రిన్సిపాల్ గారూ, ఫైనల్ ఇయర్ పిల్లలకు ప్రాజెక్టు ఇవ్వాలి కదా మీరు. తూమకుంటకు ఇటువైపు రెండు బంకులు, అటువైపు రెండు బంకులు తీసుకోండి, నెల రోజులు ఏపీ నంబరు బండ్లు ఎక్కడ ఎన్ని ఆగుతున్నాయో లెక్కపెట్టమనండి. పిల్లలకు టీ, టిఫిన్ ఖర్చు మా అసోసియేషన్ పెట్టుకుంటుంది. రిపోర్టు కలెక్టరు గారికి నేనే తీసుకుపోయి ఇస్తాను.