మడమ నొప్పికి బేర్‌ఫుట్ షూ: తొందరపడితే ఎక్కడ దెబ్బ తగుల్తది

నమస్తే. వరంగల్ భద్రకాళి బండ్ మీద పొద్దుగాల నడిచేటోళ్లకు వచ్చే అనుమానం ఇది: మెత్తటి షూ ఏసుకున్నా మడమ నొప్పి పోతలేదు, ఈ బేర్‌ఫుట్ షూకు మారితే పోతదా? పోవచ్చు. గని షూ మార్చిన రోజే పోదు, తొందరపడితే కొత్త నొప్పి వస్తది.

ముందుగాల షూ సంగతి. మామూలు రన్నింగ్ షూలో మడమ కింది మందం వేళ్ల కింది మందం కన్నా 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటది. దీన్నే డ్రాప్ అంటరు. బేర్‌ఫుట్ షూలో డ్రాప్ సున్నా. సోల్ సన్నగ, చేత్తో చుట్ట చుట్టేంత మెత్తగ ఉంటది. ముందుభాగం వేళ్లు పరుచుకునేంత వెడల్పు. మా లెక్కల అన్నిటికన్నా ముఖ్యం ఈ వెడల్పే. దుకాణంల ఇన్సోల్ బయటికి తీసి, నేల మీద పెట్టి, దాని మీద నిలబడుండ్రి. చిటికెన వేలు అంచు దాటితే ఆ షూ వద్దు, దాని మీద ఏ పేరున్నా సరే. పొడుగు వేలు ముందర 10 మిల్లీమీటర్ల జాగ ఉండాలె. సాయంత్రం పూట కొనుండ్రి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటది.

హవాయి చెప్పులు కూడ చదునే కదా అంటరు. చదునే, గని మడమను పట్టుకునే పట్టీ లేదు. జారిపోకుంట ప్రతి అడుగుల వేళ్లు ముడుచుకోవాలె. బడిపిల్లల తెల్ల కాన్వాస్ షూ సోల్ సన్నదే, ముందర మాత్రం ఇరుకు. రెండూ దీనికి బదులు కావు.

ఇగ పని చేసేది ఏందో చూద్దాం. పాదంల 26 ఎముకలున్నయి, వాటిని పట్టి ఉంచే చిన్న చిన్న కండరాలున్నయి. మందపాటి సోల్ మీద ఏండ్ల తరబడి నడిస్తే వాటికి పని తగ్గుతది. సన్న సోల్ ఆ పనిని వాటికి మళ్ల అప్పజెప్తది. లివర్‌పూల్ యూనివర్సిటీ పరిశోధకులు 2021ల అచ్చేసిన అధ్యయనంల, ఇసొంటి షూ ఆరు నెలలు రోజూ ఏసుకున్నోళ్లకు పాదం బలం సగటున 57 శాతం పెరిగింది. అవతలి పక్క కూడ చెప్పాలె. 2013ల అమెరికాల ఒక పరిశోధన జరిగింది. వేళ్ల షూకు (ఒక్కో వేలికి వేరే అర ఉండే బేర్‌ఫుట్ షూ) మారి పది వారాలు పరిగెత్తినోళ్లల సగానికి పైగా మందికి పాదం ఎముకల లోపల వాపు కనబడ్డది. కండరం వారాలల్ల బలపడ్తది, ఎముకకు, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే నరానికి (టెండన్) నెలలు పడ్తది. దెబ్బ తగిలేది ఈ తేడా దగ్గరనే.

పొద్దున మంచం దిగంగనే మొదటి అడుగుకు మడమ కింద సూది గుచ్చినట్టు అయితే, షూ ఇప్పుడే మార్చకుండ్రి. ముందు ఈ కసరత్తు చెయ్యుండ్రి. మెట్టు అంచున పాదం ముందుభాగం పెట్టి, తువ్వాల చుట్టి వేళ్ల కింద పెట్టుకోండ్రి. మూడు సెకండ్లల మడమ పైకి, రెండు సెకండ్లు ఆపి, మూడు సెకండ్లల కిందికి. 12 సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. రెయిలింగ్ పట్టుకోండ్రి. పొద్దటి నొప్పి తగ్గినంకనే షూ ముచ్చట.

మారే ముందు ఒక పరీక్ష. గోడ నుంచి బొటనవేలు 10 సెంటీమీటర్ల దూరంల పెట్టి, మడమ లేపకుంట మోకాలు గోడకు తాకించుండ్రి. తాకకపోతే పిక్క, మడమ నరం బిగుసుకొని ఉన్నయన్నట్టు. అసొంటోళ్లు 10 మిల్లీమీటర్ల నుంచి ఒక్కసారే సున్నాకు దిగొద్దు, నడుమ 4 మిల్లీమీటర్ల డ్రాప్ ఉన్న షూ కొన్ని నెలలు వాడుండ్రి.

మొదటి వారం ఇంట్ల, రోజుకు 20 నిమిషాలు. రెండో వారం నుంచి నడకల మొదటి 10 నిమిషాలు కొత్త షూ, మిగతాది పాత షూ, సంచిల పెట్టుకపోండ్రి. అలిసిపోయినంక కొత్తది ఏస్తే అడుగు మొద్దుగ పడ్తది, అందుకే మొదట్ల. నాలుగు రోజులకోసారి 5 నిమిషాలు పెంచుండ్రి. హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ అసొంటి మట్టి నేల మీద మొదలుపెట్టి, సీసీ రోడ్డు మీదికి తర్వాత పోండ్రి.

చాలామంది చేసే తప్పు వేళ్ల మీద నడుచుడు. నడిచేటప్పుడు మడమ ముందు ఆనుడే సహజం. మార్చాల్సింది అంగ పొడుగు. అంగ తగ్గించి, అడుగు ఒంటి కిందనే పడేటట్టు చూసుకోండ్రి. ధబధబ చప్పుడు వినబడ్తుందంటే అంగ ఇంకా పొడుగ్గున్నట్టే. పరుగు లెక్క వేరే, అది నెలల పని.

రెండు పిక్కలూ రెండు రోజులు నొస్తే భయం లేదు. పాదం మీద ఒక్కచోట వేలుతోని నొక్కితే నొప్పి, దానికి తోడు వాపు ఉంటే ఆ రోజే ఆపి ఎముకల డాక్టర్ దగ్గరికి పోండ్రి. సన్నటి పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేల కనబడకపోవచ్చు, ఎక్స్‌రే బాగనే ఉన్నదని మళ్ల నడవకుండ్రి. మడమ నరం పొద్దుపొద్దున బిగుసుకుంటే రెండు వారాల కింద ఎన్ని నిమిషాలు నడిచిండ్రో ఆ లెక్కకు దిగుండ్రి.

షుగర్ ఉండి అరికాలు మొద్దుబారినోళ్లు ఈ షూ జోలికి పోవద్దు. కాలు కోసుకుపోయినా తెల్వదు, పుండు అయితది. బొటనవేలు కీలు బిగుసుకుపోయి వంగనోళ్లకు గట్టి సోలే మేలు, వంగే సోల్ నొప్పి పెంచుతది.

ఎండాకాలంల మన దిక్కు సీసీ రోడ్డు వేడి సన్న సోల్ దాటి అరికాలుకు తగుల్తది, తొమ్మిదిలోపే నడక ముగించుండ్రి. పొలం గట్ల మీద సర్కారు తుమ్మ ముల్లు సన్న రబ్బరుల సులువుగ దిగుతది, అక్కడికి పాత షూలే ఏసుకపోండ్రి.