ఆ గోడలకు సిమెంటు పూయకండి

అధ్యక్షులకు, సభకు నమస్కారం. పొగడ్తలు ఇప్పటికే చాలా అయ్యాయి కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను: పాత రాతి భవనాలను ఇళ్లుగా మార్చేటప్పుడు గోడలను ఎలా చూసుకోవాలన్నదే నా మాట.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని చిన్న ఊరు చిప్పింగ్ నార్టన్. 1834లో పేదల చట్టాన్ని సవరించాక, 1836లో అక్కడ ఆర్కిటెక్ట్ జార్జ్ విల్కిన్సన్ గీసిన ప్లానుతో వర్క్‌హౌస్, అంటే పేదలను ఉంచి పని చేయించే భవనం, కట్టారు. లోపలికి వచ్చి చాకిరీ చేస్తేనే కూడు. మధ్యలో ఎనిమిది ముఖాల భవనం, నాలుగు ముఖాలకు నాలుగు రెక్కలు. మిగతా నాలుగు ముఖాలు ఆవరణల వైపు చూస్తాయి. మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు ఎవరి ఆవరణలో వాళ్లే. ఆలుమగలైనా సరే, విడిగా ఉండాల్సిందే! మధ్యలో కిటికీ దగ్గర నిలబడితే అందరూ కనబడతారు. ఆ ఎనిమిది ముఖాలు సోకు కోసం పెట్టినవి కావని గమనించండి. తర్వాత అది ఆసుపత్రి అయింది, ఇప్పుడు అందులో ఇళ్లున్నాయి.

ఇలాంటి రెక్కలోని పొడుగాటి వార్డును చిన్న ఇళ్లుగా విడగొట్టేటప్పుడు అడ్డుగోడను రెండు కిటికీల మధ్య గట్టి గోడకు ఆనించాలి, కిటికీని చీల్చకూడదు. ఇంగ్లండు నిబంధనల ప్రకారం ఆ గోడ 60 నిమిషాలు మంటకు ఆగాలి, కనీసం 43 డెసిబెల్స్ చప్పుడు ఆపాలి. తప్పు జరిగేది అటక దగ్గర. గోడను సీలింగ్ దాకా లేపి వదిలేస్తారు. పైన అటక అంతా ఒక్కటే కాబట్టి ఒక ఇంట్లో అంటుకుంటే నిప్పు వరసంతా పాకుతుంది. గోడ పైకప్పు అడుగు భాగం దాకా పోవాలి, మిగిలిన సందులో మినరల్ ఊల్ (మంటకు కాలని రాతి నార) కూరాలి.

రెక్కల ప్లాన్ గురించి ఇంకా చెప్పాలనే వచ్చాను గానీ, సిమెంటు సంగతి చెప్పకుండా దిగను. ఈ పాత గోడలు సున్నంతో కట్టినవి. లోపలికి దిగిన తడి సున్నం సందుల్లోంచే బయటికి ఆరిపోతుంది. అక్కడ సిమెంటు పెట్టారా, దారి మూసుకుపోతుంది. తడి రాయిలోకి మళ్లుతుంది, చలికాలంలో గడ్డకడుతుంది, రాయి ముఖం పెచ్చులుగా ఊడుతుంది. లోపల చెమ్మ చూసి ఇంటాయన నేలలోంచి తడి ఎక్కుతోందనుకుని గోడలోకి తడి ఆపే మందు ఎక్కిస్తాడు. డబ్బు దండగ! ముందు బయటి నేలను ఇంటి నేలకంటే 150 మిల్లీమీటర్లు కిందకి దించండి, సగం చెమ్మ అక్కడే పోవచ్చు.

పాయింటింగ్‌కు, అంటే రాళ్ల సందుల్లో సున్నం మళ్లీ నింపడానికి, సందు వెడల్పుకు రెట్టింపు లోతు తవ్వాలి. చేతి ఉలితోనే సుమా, గ్రైండర్ వద్దు, రాయి అంచులు తెగుతాయి. గోడ తడపాలి. సున్నం ఒక పాలు, ఇసుక రెండున్నర నుంచి మూడు పాళ్లు. 5 డిగ్రీల కింద పని ఆపేయాలి. కొద్ది రోజులు తడి గోనెపట్టా కప్పాలి. చార్మినార్ సున్నపు పని చూసినవాళ్లకు ఇదేం కొత్త కాదు.

చివరగా, ఇలా మార్చిన ఇళ్లు అమ్మేవాళ్లకు ఒక మాట. ఒక ఇంటాయన సిమెంటు పూస్తే ఆగిన తడి పక్కింటి సున్నపు గోడ వైపే తోసుకొస్తుంది. బయటి గోడలకు సున్నమే వాడాలని దస్తావేజులోనే రాయించండి. భవనం రక్షిత జాబితాలో ఉంటే, దాని స్వరూపం మారేలా అనుమతి లేకుండా పని చేయడం ఇంగ్లండులో రక్షిత భవనాల 1990 చట్టం ప్రకారం నేరం. ఆ సంగతీ కొనేవాళ్లకు సంతకానికి ముందే చెప్పండి.