సర్టిఫికెట్ మీద ఏ ఆట పేరు రాశారు?

(విజయవాడ పున్నమి ఘాట్‌లో వేసవి జలక్రీడల శిబిరం ప్రారంభ సభలో ఒక శిక్షకుడి ప్రసంగ పాఠం)

పెద్దలకు, తల్లిదండ్రులకు, పిల్లలకు నమస్కారం. ఎండ ముదరకముందే పిల్లలు నీటిలోకి దిగాలి. అందుకే పేరుపేరునా చెప్పడం లేదు, మన్నించండి.

నన్ను రోయింగ్ పదాలు పరిచయం చేయమన్నారు. రోయింగ్‌లో క్రీడాకారుడు వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటాడు. తెడ్డు పడవకు బిగించిన రిగ్గర్ అనే చట్రంలో ఆడుతుంది. మనిషికి రెండు తెడ్లుంటే స్కల్లింగ్, ఒక్కటే ఉంటే స్వీప్. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన దేశపు బజరంగ్ లాల్ తఖర్ స్వర్ణం గెలిచింది సింగిల్ స్కల్స్‌లో, అంటే ఒక్కరే రెండు తెడ్లతో నడిపే పందెంలో. ఎనిమిది మంది పడవలో అందరికంటే వెనుక కొసకు దగ్గరగా కూర్చునేవారు స్ట్రోక్. ఆ లయనే మిగిలిన ఏడుగురూ పట్టుకోవాలి. ముందుకు చూస్తూ చుక్కాని తిప్పే కాక్స్ వీరికి అదనం.

కయాక్, కెనో వేరు. ముఖం ముందుకే ఉంటుంది. తెడ్డును పడవకు బిగించరు, చేతులతోనే పట్టుకుంటారు. కయాక్‌లో కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డును అటూ ఇటూ వేస్తారు. పందెపు కెనోలో ఒక మోకాలి మీద నిలిచి, ఒంటి రెక్క తెడ్డును ఒకే పక్కన వేస్తారు.

ఇంకా క్యాచ్, అంటే తెడ్డు రెక్కను నీటిలో దించడం, ఫెదరింగ్, అంటే నీటి పైకి తీసిన రెక్కను బల్లపరుపుగా తిప్పడం చెప్పాలి. కానీ అవి పడవ ఎక్కాక పిల్లలకు చేతులే నేర్పుతాయి. నేను చెప్పాల్సింది మీకు, తల్లిదండ్రులకు.

గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ సాధన చేసిన ఒక అమ్మాయి కయాక్‌లో పతకం గెలిచింది. నిర్వాహకులు సర్టిఫికెట్‌లో ‘రోయింగ్’ అని రాసి ఇచ్చారు. స్పోర్ట్స్ కోటా పరిశీలనకు వెళితే రోయింగ్ వారి జాబితాలో ఆమె పేరు లేదు. ఎందుకుంటుంది? దేశంలో రోయింగ్ సమాఖ్య వేరు, కయాకింగ్ సంఘం వేరు. ఒలింపిక్స్‌లో రోయింగ్ 1900లో మొదలైతే, కెనో, కయాక్ పందేలు 1936లో చేరాయి. సవరించిన కాగితం వచ్చేసరికి కౌన్సెలింగ్ ముగిసింది. “రెండూ పడవలే కదా సార్, ఒక్క మాటకు నా బిడ్డ సీటు పోతుందా?” అని వాళ్ళ నాన్న అడిగారు. మీరే చెప్పండి, ఆయనకు నేనేం జవాబివ్వాలి? తెల్లవారకముందే బస్సెక్కి వచ్చిన పిల్ల అది! చేతుల్లో బొబ్బలు చితికినా తెడ్డు వదలలేదు. రాసినవారికి అది ఒక్క మాట. ఆ పిల్లకు ఒక సంవత్సరం.

ప్రకాశం బ్యారేజీ ఎగువన ఇంత నిండు నీరు మనకుంది. గెలిచే పిల్లలూ ఉన్నారు. వారి గెలుపును సరిగ్గా రాసిపెట్టడం పెద్దవాళ్ళుగా మన పని కాదా?

అందుకే అడుగుతున్నాను, ఇప్పుడే పెన్నులు తీయండి. మీ చేతిలోని ఫారంలో ‘క్రీడ’ అన్న గడి చూడండి. దయచేసి ‘పడవ పందెం’ అని రాయవద్దు. కయాకా, కెనోనా, రోయింగా? మీ పిల్లలనే అడిగి రాయండి. రేపు సర్టిఫికెట్ అందుకున్నప్పుడు, వేదిక దిగకముందే చదవండి. ‘కే-1 500’ అని ఉంటే, ఒక్కరే ఎక్కే కయాక్‌లో 500 మీటర్ల పందెం. ‘సీ-2’ అంటే ఇద్దరి కెనో. తప్పుంటే అక్కడే దిద్దించుకోండి, మొహమాటపడకండి.

ఫారం ఇచ్చినవారి పిల్లలు మెట్ల దగ్గరకు రావచ్చు. లైఫ్ జాకెట్ బకిళ్ళన్నీ పెట్టుకున్నాకే పడవ ఎక్కనిస్తాను.